సాయంత్రం టాబ్లెట్ దిగిపోయే గంటను ఎలా దాటాలి

సాయంత్రం ఐదున్నర. రాయదుర్గం నుంచి అమీర్‌పేట దాకా మెట్రోలో బాగానే వచ్చాను. అక్కడ రైలు మారుతుంటే ఎవరిదో బ్యాగు భుజానికి తగిలింది. అంతే, కళ్ళ నిండా నీళ్ళు. ఏడవాల్సినంత ఏమీ జరగలేదని నాకూ తెలుసు. ఇంటికొచ్చాక పాప "అమ్మా, పెన్సిల్ చెక్కివ్వవా" అంది. షార్ప్‌నర్ కనిపించలేదు. దానికి ఆ ఏడేళ్ళ పిల్ల మీద అరిచాను. ఎనిమిదింటికి మళ్ళీ మామూలు మనిషినయ్యాను. పాప తలుపు దగ్గరే నిలబడి "కోపం పోయిందా అమ్మా?" అని అడిగింది.

ఏడీహెచ్‌డీకి, అంటే మనసు ఒకచోట నిలవని సమస్యకు, మిథైల్‌ఫెనిడేట్ అనే టాబ్లెట్ మొదలుపెట్టిన కొత్తలో దాదాపు రెండు నెలలు ఇలాగే గడిచాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పనులు చక్కగా అయ్యేవి. ఇల్లు చేరే వేళకు మనిషిని మనిషిలా ఉండేదాన్ని కాదు. నాకు కోపం ఎక్కువైందనుకున్నాను, ఉద్యోగం పడట్లేదనుకున్నాను, చివరికి నేను మంచి తల్లిని కాదేమో అని కూడా అనుకున్నాను. డాక్టర్ మాత్రం ఒక్కటే అడిగారు: "ఇది రోజూ ఎన్ని గంటలకు వస్తోంది?" నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్నతోనే నాకు దారి దొరికింది.

మీకు రాసిచ్చిన టాబ్లెట్ పగలంతా బాగా పనిచేసి సాయంత్రం ఇలా వదిలేస్తుంటే, ఇది మీకోసం. నేను డాక్టర్‌ని కాదు. డోసు, టైము, టాబ్లెట్ రకం మార్చడం మీ సైకియాట్రిస్ట్ పని. ఆ గంట చుట్టూ రోజును ఎలా అమర్చుకోవాలన్నది మన పని. నేను చెప్పేది దాని గురించే.

అసలు ఏం జరుగుతుంది

మెదడులో డోపమైన్, నార్‌ఎపినెఫ్రిన్ అనే రెండు రసాయనాలను కణాలు విడుదల చేసి మళ్ళీ వెనక్కి లాక్కుంటూ ఉంటాయి. మిథైల్‌ఫెనిడేట్ ఆ లాక్కోవడాన్ని అడ్డుకుంటుంది. అవి ఇంకాస్త సేపు నిలవడం వల్ల చేసే పని మీద మనసు నిలుస్తుంది. మామూలు టాబ్లెట్ అయితే 3, 4 గంటలు పనిచేస్తుంది. మెల్లగా విడుదలయ్యే రకాలు, అంటే చీటీ మీద ఎస్ఆర్, ఈఆర్, ఎక్స్‌ఆర్ అని ఉండేవి, రకాన్ని బట్టి 6 నుంచి 12 గంటల దాకా వస్తాయి.

రక్తంలో మందు తగ్గేకొద్దీ ఏడీహెచ్‌డీ తిరిగొస్తుంది. రోజంతా తెలియకుండా అణిగి ఉన్న ఆకలి, దాహం, అలసట కూడా అప్పుడే మీద పడతాయి. కొందరికి పొద్దున టాబ్లెట్ వేసుకోకముందు కన్నా కూడా కాసేపు ఎక్కువగా చిరాకు, దిగులు, ఏడుపు, ఒళ్ళంతా నీరసం ఉంటాయి. దీన్ని డాక్టర్లు రీబౌండ్ అంటారు, వాడేవాళ్ళు క్రాష్ అంటారు. మా ఇంట్లో 'దిగుడు' అని పేరు పెట్టుకున్నాం. సాధారణంగా ఒక గంట ఉంటుంది, కొందరికి రెండు గంటలు.

ఇది మీ అసలు బుద్ధి బయటపడటం కాదు. టాబ్లెట్‌కు బానిసైపోయారని కూడా కాదు. డాక్టర్ చెప్పినట్టు వాడుతున్నవాళ్ళకు కూడా వస్తుంది. టైముకు వస్తుంది, టైముకు పోతుంది. అలా టైము పట్టి వస్తుంది కాబట్టే దాన్ని ముందుగా చూసుకోవచ్చు.

1. ముందు ఐదు రోజులు టైము రాయండి

మిగతా ఏ అడుగు అయినా దీని తర్వాతే. ఫోన్‌లోనో, క్యాలెండర్ వెనకో, ఏదైనా పర్వాలేదు. నేను వంటింట్లో ఫ్రిజ్ మీద కాగితం అంటించాను. అందులో ఒక రోజు ఇలా ఉంది:

"8:10 టాబ్లెట్. 9 నుంచి బాగుంది. మధ్యాహ్నం రెండు ముద్దలు. టీ 4:15. నీళ్ళు గుర్తులేదు. 5:20 చిరాకు. 5:45 ఏడుపు. 6:50 తేరుకున్నా. రాత్రి 12:30కి నిద్ర."

ఇలాంటివి ఐదు వరుసగా చూసేసరికి నాకే అర్థమైంది. ఐదు రోజుల్లో నాలుగు రోజులు 5:15కీ 5:30కీ మధ్యే మొదలైంది. అందులో తక్కువ తిన్న రోజులే ఎక్కువ బాధపెట్టాయి.

రాసేటప్పుడు ఒక సంగతి గమనించండి. బాధ టాబ్లెట్ దిగేటప్పుడు వస్తోందా, లేక వేసుకున్న ఒకటి రెండు గంటలకే వస్తోందా? మందు బాగా పనిచేస్తుండాల్సిన టైములోనే గుండె దడదడలాడటం, మాట రాకుండా బొమ్మలా ఐపోవడం, చేతులు వణకడం ఉంటే అది దిగుడు కాదు. డోసు ఎక్కువైందేమో డాక్టర్ చూడాలి. అలాగే టాబ్లెట్ వేసుకోని సెలవు రోజు కూడా పొద్దున్నుంచి రాత్రి దాకా దిగులుగానే ఉంటే, అది వేరే సమస్య కావచ్చు. డిప్రెషన్, ఆందోళన ఏడీహెచ్‌డీతో కలిసి ఉండటం మామూలే, వాటికి వైద్యం వేరుగా ఉంటుంది. సాయంత్రం టీ మానేసినంత మాత్రాన అవి తగ్గవు.

ఆడవాళ్ళు నెలసరి తేదీ కూడా పక్కన రాసుకోండి. నెలసరికి ముందు వారంలో టాబ్లెట్ సరిగ్గా పట్టట్లేదని, సాయంత్రాలు మరీ బరువుగా ఉంటున్నాయని చాలామంది చెబుతారు. నాకూ అంతే.

2. ఆకలి లేకపోయినా మధ్యాహ్నం తినండి

నా లెక్కలో దిగుడుతో యుద్ధం సగం గెలిచేది భోజనం దగ్గరే. ఈ టాబ్లెట్లు ఆకలిని చంపేస్తాయి. మధ్యాహ్నం బాక్స్ తెరిస్తే పప్పన్నం వాసనే సహించదు. రెండు ముద్దలు తిని మూత పెట్టేస్తాం. ఒంటికి మాత్రం తిండి కావాలి. సాయంత్రం మందు తగ్గాక ఆ లోటంతా చేతుల వణుకుగా, తలనొప్పిగా, కోపంగా బయటికొస్తుంది. అందులో ఎంత దిగుడో, ఎంత ఉత్త ఆకలో విడదీసి చెప్పడం కూడా కష్టం.

ఆకలి వేస్తేనే తినాలన్న అలవాటు పక్కన పెట్టి, గడియారం చూసి తినండి. పొద్దున టాబ్లెట్ పనిచేయడం మొదలయ్యేలోపే గట్టిగా టిఫిన్ చేయండి, అప్పటికి ఆకలి ఇంకా ఉంటుంది. ఉత్త ఇడ్లీ, ఉప్మా కన్నా పెసరట్టు మంచిది, లేదంటే ఇడ్లీతో పాటు రెండు ఉడికించిన గుడ్లు. మాంసకృత్తులున్న తిండి ఎక్కువసేపు నిలుస్తుంది. టాబ్లెట్‌ను తిన్నాక వేసుకోవాలా ముందు వేసుకోవాలా అన్నది రకాన్ని బట్టి ఉంటుంది. డాక్టర్ చెప్పిందే పాటించండి, రోజుకో రకంగా మాత్రం చేయకండి.

మధ్యాహ్నం పెద్ద బాక్స్ చూస్తేనే భయమైతే దాన్ని రెండుగా చేయండి. నేను ఒంటిగంటకు పెరుగన్నం తింటాను. ఎందుకో పెరుగన్నం మాత్రం గొంతు దిగుతుంది. మూడింటికి గుప్పెడు వేయించిన పల్లీలు, ఒక అరటిపండు. ఇంకెవరికైనా ఉడికించిన శనగలు నచ్చవచ్చు, లస్సీ నచ్చవచ్చు. నమలడం కష్టంగా ఉన్నప్పుడు తాగేవి సులువుగా లోపలికి పోతాయి.

నీళ్ళు కూడా అంతే. నోరు ఎండిపోవడం ఈ టాబ్లెట్లతో మామూలే అయినా, పనిలో పడితే దాహం గుర్తుకు రాదు. లీటరు సీసా బల్ల మీద పెట్టుకుని మధ్యాహ్నం భోజనానికి ఒకటి, ఇంటికి బయల్దేరేలోపు ఇంకొకటి అయ్యేలా చూసుకోండి. ఎండాకాలంలో మజ్జిగ కలపండి.

ఉపవాసాల గురించి కూడా చెప్పాలి. కార్తీక సోమవారం, శివరాత్రి జాగారం, రంజాన్ రోజా, ఇలాంటివి మీ ఇంట్లో ఉంటే ఆ రోజుకు ముందే డాక్టర్‌ని అడగండి. ఖాళీ కడుపు మీద, నిద్ర లేని రాత్రి తర్వాత వచ్చే దిగుడు మామూలు రోజుది కాదు. నేను ఒక శివరాత్రి ఎవరికీ చెప్పకుండా రెండూ చేశాను. మర్నాడు సాయంత్రం మంచం మీంచి లేవలేకపోయాను.

3. దిగడానికి అరగంట ముందే అలారం

మీ కాగితం మీద 5:20 అని ఉంటే ఫోన్‌లో 4:50కి అలారం పెట్టండి. చిరాకు వచ్చాక తినడానికీ, నీళ్ళు తాగడానికీ, కూర్చోడానికీ బుద్ధి పుట్టదు. వచ్చేలోపే పనులు అయిపోవాలి.

అలారం మోగగానే ఏదైనా కొంచెం తినండి, ఒక గ్లాసు నీళ్ళు తాగండి. చేస్తున్న పని ఎక్కడిదాకా వచ్చిందో ఒక్క వాక్యం రాసిపెట్టండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ రేపు పొద్దున ఎక్కడ మొదలుపెట్టాలో తెలిస్తే సాయంత్రం టెన్షన్ సగం ఉండదు. తర్వాత ఒక పదిహేను, ఇరవై నిమిషాలు నడవండి. మెట్రో స్టేషన్‌కు ఆటో ఎక్కే బదులు నడిచి వెళ్ళినా చాలు.

ఇంటికి బండి మీద వెళ్ళేవాళ్ళకు ఇంకో మాట. టాబ్లెట్ దిగేటప్పుడు ఏకాగ్రత పోతుంది, ఓపికా పోతుంది. ఆ రెండూ లేకుండా సాయంత్రం ఆరింటికి హైదరాబాద్ ట్రాఫిక్‌లో స్కూటీ నడపడం ప్రమాదం. వీలైతే దిగకముందే ఇల్లు చేరండి, లేదంటే దిగడం పూర్తయ్యాక బయల్దేరండి. రెండూ కుదరకపోతే బస్సో మెట్రోనో ఎక్కండి. ఈ ఒక్క కారణంతోనే నేను స్కూటీ మానేసి మెట్రో పాస్ తీసుకున్నాను.

టీ, కాఫీల దగ్గర జాగ్రత్త. ఐదింటికి నీరసం రాగానే చేయి టీ మీదికే వెళ్తుంది. కాఫీ, టీలలో ఉండే కెఫీన్ సగం తగ్గడానికే చాలామందికి ఐదు గంటల దాకా పడుతుంది. ఆరింటికి తాగిన స్ట్రాంగ్ టీ పదకొండింటికి కూడా సగం ఒంట్లోనే ఉంటుందన్నమాట. నిద్ర చెడుతుంది, నిద్ర చెడితే రేపటి దిగుడు ఇంకా గట్టిగా ఉంటుంది. టాబ్లెట్ పనిచేస్తున్న టైములో ఎక్కువ కాఫీ తాగితే గుండె దడ కూడా పెరగవచ్చు. నేను సాయంత్రం టీ మానలేకపోయాను, దాన్ని మూడింటికి జరుపుకున్నాను. ఐదింటికి అల్లం వేసిన వేడినీళ్ళు.

4. ఆ గంటకు కంచె కట్టండి

తిన్నా, నడిచినా దిగుడు కొంత వస్తుంది. ఇప్పుడు ఆ గంటలో మీ ముందు ఏం ఉండకూడదో ముందే తీసేయాలి.

ఆఫీసు మెయిళ్ళకు జవాబులు ఆ గంటలో వద్దు. మేనేజర్ రాసిన మామూలు "ఓకే" కూడా ఆ టైములో తిట్టులా కనిపిస్తుంది. డబ్బు గొడవలు, అత్తగారింటి విషయాలు, ఉద్యోగం మానేయాలన్న నిర్ణయం, పాత స్నేహితురాలితో తేల్చుకోవాల్సిన మాట, అన్నీ ఎనిమిది దాటాకే. ఆ గంటలో వచ్చిన ఆలోచనకు సంతకం పెట్టకండి. తప్పకుండా రాయాలనిపిస్తే నోట్స్‌లో రాసి పెట్టుకోండి, పంపకండి. నేను అలా రాసి పంపనివి చాలా ఉన్నాయి. రాత్రి చదివితే అందులో నిజమైన బాధ ఒక వాక్యంలో ఉంటుంది, మిగతాదంతా ఆ గంటదే.

చేతులకు మాత్రం పని ఇవ్వండి. ఆలోచించక్కర్లేని పని. నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తాను. పెద్ద పళ్ళెంలో కాయలు పోసుకుని వంటింటి గుమ్మంలో కింద కూర్చుంటాను. కొన విరిచి, ఈనె లాగి, రెండుగా తుంచి గిన్నెలో వేస్తాను. ఈనె తెగకుండా చివరిదాకా రావాలని చూస్తుంటే ఊపిరి దానంతటదే నెమ్మదిస్తుంది. పావుకిలో అయ్యేసరికి ఇరవై నిమిషాలు గడిచిపోతాయి. ఉతికిన బట్టలు మడతపెట్టడం, మొక్కలకు నీళ్ళు పోయడం, పప్పులో రాళ్ళు ఏరడం, మీకు ఏది కుదిరితే అది. ఫోన్‌లో రీల్స్ చూస్తే మాత్రం నాకు ఆ గంట కాస్తా రెండు గంటలవుతోంది.

వేడినీళ్ళ స్నానం చాలామందికి పనిచేస్తుంది. కాసేపు పడుకోవాలనిపిస్తే ఇరవై నిమిషాలకు అలారం పెట్టి పడుకోండి. ఆరున్నర దాటాక పడుకుంటే రాత్రి నిద్ర పట్టదు.

5. ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పండి

ఇది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. టాబ్లెట్ బాగా పనిచేసే గంటలను ఆఫీసు చూస్తుంది. దిగే గంటను ఇల్లు చూస్తుంది. అందుకే మా అత్తయ్య "ఆ మాత్రలు మొదలెట్టాకే నువ్విలా అయిపోయావమ్మా, మానెయ్" అనేవారు. ఆవిడ తప్పు లేదు. ఆవిడ కళ్ళకు కనిపించింది అదే కదా.

ఒక ఆదివారం మధ్యాహ్నం, అంటే నేను బాగున్న టైములో, కాగితం తీసి అత్తయ్యకూ మా ఆయనకూ చూపించాను. "ఇదిగో, ఐదింటి నుంచి ఏడు దాకా టాబ్లెట్ దిగుతుంది. అప్పుడు నేనేమైనా అంటే మనసులో పెట్టుకోకండి. కాకపోతే, అరిస్తే ఆపండి" అన్నాను. మా ఆయన ఒకటే అడిగారు: "అప్పుడు నేనేం చేయాలి?" ఈ ప్రశ్నకు జవాబు మీ దగ్గర సిద్ధంగా ఉండాలి. "అర్థం చేసుకోండి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "ఆరింటికి పాప హోంవర్క్ మీరు చూడండి. నన్ను ఏ ప్రశ్నా అడగకండి, రాత్రికి ఏం వండాలో కూడా. నేను గదిలోకి వెళ్తే అలిగానని అనుకోకండి." ఇలా పని పేరు పెట్టి చెప్పండి.

ఇప్పుడు నేను "ఏమండీ, దిగుతోంది" అంటే చాలు. కుక్కర్ స్టవ్ మీద ఉంటే ఆయన వచ్చి నిలబడతారు.

పిల్లలకు కూడా చెప్పవచ్చు. నేను పాపతో "అమ్మ పొద్దున వేసుకునే టాబ్లెట్ సాయంత్రం అయిపోతుంది. అప్పుడు అమ్మకు తల బరువుగా ఉంటుంది. అది నీ వల్ల కాదు" అని చెప్పాను. అరిచిన రోజు మాత్రం దిగుడు మీద నెట్టేసి ఊరుకోను. రాత్రి దగ్గర కూర్చోబెట్టుకుని సారీ చెబుతాను. కారణం టాబ్లెట్టే అయినా ఆ అరుపు పడింది పిల్ల మీద.

ఒంటరిగా హాస్టల్లోనో, పీజీలోనో, అమెరికాలో అపార్ట్‌మెంట్‌లోనో ఉండేవాళ్ళకు ఈ అడుగు ఇంకా ముఖ్యం. ఆ టైముకు ఒక స్నేహితురాలికి ఫోన్ చేయడం అలవాటు చేసుకోండి. మాట్లాడాల్సింది ఏమీ లేకపోయినా పర్వాలేదు, ఆ గంటలో ఇంకొక గొంతు వినిపిస్తే చాలు.

టాబ్లెట్ వేసుకునేది మీ పిల్లలైతే

బడి నుంచి వచ్చిన మొదటి గంటే చాలామంది పిల్లలకు దిగుడు గంట. బడిలో టీచర్ "చాలా బాగున్నాడు" అంటారు. ఇంటికొచ్చాక బ్యాగు విసిరేస్తాడు, చెల్లెల్ని కొడతాడు, చిన్నమాటకే వెక్కి వెక్కి ఏడుస్తాడు. తల్లికి అది తన మీద కోపమే అనిపిస్తుంది. కాదు. వాడి లంచ్ బాక్స్ తెరిచి చూడండి, సగం అలాగే ఉంటుంది.

రాగానే ప్రశ్నలు వేయకండి. ముందు తిండి. వాడికి ఇష్టమైనది, పొట్ట నిండేది. తర్వాత అరగంటో ముప్పావుగంటో ఆట, వీలైతే ఆరుబయట. ట్యూషన్ నాలుగున్నరకు పెట్టి ఉంటే మార్చండి. దిగే టైములో కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పించడం వాడికీ మీకూ శిక్షే. రాత్రి తొమ్మిదికి ఆకలి తిరిగొచ్చి అన్నం అడిగితే, "ఇప్పుడేంటి" అనకుండా పెట్టండి. ఈ టాబ్లెట్లు వాడే పిల్లల ఎత్తు, బరువు, బీపీ డాక్టర్ చూస్తుండాలి. చూడకపోతే మీరే అడగండి.

ఇవి మాత్రం వద్దు

సొంతంగా సాయంత్రం ఇంకో టాబ్లెట్ వేసుకోకండి. దిగుడు తగ్గుతుంది, రాత్రి నిద్ర పోతుంది, రేపు అంతకంతకు అనుభవిస్తారు. ఎక్కువసేపు పనిచేసే టాబ్లెట్లను, క్యాప్సూల్లోని గుళికలను నలపడం, నమలడం చేయకండి. మెల్లగా విడుదల కావాల్సిన మందంతా ఒక్కసారే ఒంట్లోకి వెళ్తుంది. కాన్సెర్టా (మెల్లగా విడుదలయ్యే మిథైల్‌ఫెనిడేట్ బ్రాండు) లాంటి టాబ్లెట్‌లో అయితే మందు లేజర్‌తో చేసిన సన్నటి రంధ్రం గుండా కొంచెం కొంచెంగా బయటికొస్తుంది. ఖాళీ పెంకు అలాగే విరేచనంలో కనిపించవచ్చు, దానికి భయపడక్కర్లేదు.

దిగుడు బాధ మరిచిపోవడానికి బీరు, వైన్ లాంటివి తాగడం అలవాటైతే చాలా కష్టం. ఎవరో స్నేహితుడు ఇచ్చిన నిద్రమాత్ర కూడా అంతే.

ఆ గంటలో చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే, అది గంటలో పోతుందిలే అని ఊరుకోకండి. ఒంటరిగా ఉండకండి, ఇంట్లో ఒకరికి చెప్పండి. ఆ రోజే డాక్టర్‌కి ఫోన్ చేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ టైములోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, ఊపిరి ఆడకపోవడం, లేనివి కనిపించడం లేదా వినిపించడం ఉంటే 108కి ఫోన్ చేయండి, లేదా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

టాబ్లెట్లు అయిపోకముందే చూసుకోండి

అనుకోకుండా టాబ్లెట్ లేని రోజు వస్తే నాకు ఆ రోజంతా దిగుడులాగే ఉంటుంది. మన దేశంలో మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకం మీద గట్టి ఆంక్షలున్నది. చీటీ రెండు కాపీలు ఉండాలి, ఒకటి షాపువాళ్ళు తీసిపెట్టుకుంటారు. అందుకే ప్రతి మెడికల్ షాపులో దొరకదు. ఇంకా పది రోజులకు సరిపడా ఉండగానే వెతకడం మొదలుపెట్టండి. మీ చీటీకి మందు ఇచ్చే షాపు నంబరు ఫోన్‌లో సేవ్ చేసుకుని, వెళ్ళే ముందు ఉందో లేదో అడగండి.

అమెరికాలో ఏడీహెచ్‌డీకి ఆడరాల్, వైవాన్స్ అనే ఆంఫెటమిన్ రకం మందులు వాడుతూ సెలవులకు ఊరొచ్చేవాళ్ళు బయల్దేరడానికి నెల ముందే అక్కడి డాక్టర్‌తో మాట్లాడండి. ఆంఫెటమిన్ రకం టాబ్లెట్లు ఇక్కడ షాపుల్లో అమ్మరు, 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తుమందుల చట్టం, కిందికి కూడా వస్తాయి. ఏం తీసుకురావచ్చో, ఏ కాగితాలు కావాలో భారత కాన్సులేట్‌ను అడిగి తెలుసుకోండి. కుదరదంటే ఆ మూడు వారాలకు వేరే ఏర్పాటు డాక్టరే చేస్తారు. పెళ్ళిళ్ళ మధ్యలో, జెట్ లాగ్‌తో, టాబ్లెట్ లేకుండా గడపాలని ఒక్కరే నిర్ణయించుకోకండి.

ఇవన్నీ చేశాక డాక్టర్ దగ్గరికి కాగితంతో వెళ్ళండి

రెండు మూడు వారాలు తిండి, నీళ్ళు, నిద్ర సరిచేసుకున్నా దిగుడు ఇంకా బాధపెడుతుంటే, టాబ్లెట్ వైపు నుంచి చేయగలిగింది చాలా ఉంది. వేసుకునే టైము జరపవచ్చు. మూడు నాలుగు గంటల టాబ్లెట్ వాడుతుంటే మెల్లగా విడుదలయ్యే రకానికి మార్చవచ్చు. పెద్ద టాబ్లెట్ దిగకముందు చిన్న డోసు ఒకటి ఇచ్చి, ఒక్కసారిగా పడిపోకుండా మెట్టు మెట్టుగా దింపవచ్చు. డోసు తగ్గించవచ్చు. ఏదీ పడకపోతే అటొమాక్సెటిన్ లాంటి మందు ఉంది. అది మిథైల్‌ఫెనిడేట్ రకానికి చెందదు, పట్టు దొరకడానికి కొన్ని వారాలు తీసుకుంటుంది, సాయంత్రానికి ఇలా దిగిపోదు. ఇందులో మీకు ఏది సరిపోతుందో మీ బీపీ, గుండె, నిద్ర, మిగతా మందులు చూసి డాక్టర్ చెబుతారు.

మన దగ్గర డాక్టర్‌కి ఇచ్చే టైము తక్కువ. లోపలికి వెళ్ళగానే "సాయంత్రాలు బాగోట్లేదండీ" అంటే "కొన్నాళ్ళు చూద్దాం" అనే అవకాశమే ఎక్కువ. నాకూ మొదట అదే జరిగింది. రెండోసారి కాగితం బల్ల మీద పెట్టి ఇలా చెప్పాను: "డాక్టర్ గారూ, 8:10కి వేసుకుంటున్నాను. 5:20కి దిగడం మొదలవుతోంది, గంటన్నర ఉంటోంది. వారంలో నాలుగు రోజులు ఏడుపు వస్తోంది. తిండి సరిచేశాక కొంచెం తగ్గింది, పూర్తిగా పోలేదు. ఆ టైములో పిల్ల మీద అరుస్తున్నాను, నాకు అది ఆగాలి." ఆయన కాగితం రెండుసార్లు చదివారు, బీపీ చూశారు, టాబ్లెట్ రకం మార్చి రాశారు.

మారిన రోజు నుంచి మళ్ళీ ఐదు రోజులు రాయండి. కొత్త టాబ్లెట్ దిగే టైము పాతది కాదు, అలారం కూడా దాంతోపాటు జరపాలి. నాది ఇప్పుడు 6:40.